గడియ పడ్డ తలుపు, లోపల పాస్‌పోర్టు: బెర్లిన్‌లో అతిథిగా ఉన్నవాళ్లకి

బెర్లిన్‌లో చాలా ఫ్లాట్ల తలుపులకి బయటివైపు హ్యాండిల్ ఉండదు. దాని చోట కదలని గుండు ఒకటి బిగించి ఉంటుంది. తలుపు లాక్కోవడానికే అది, తిప్పితే తిరగదు. లోపలివైపు మాత్రం మామూలు హ్యాండిలే. కాబట్టి తలుపు ఒక్కసారి మూసుకుందంటే, ఎవరూ తాళం వేయకపోయినా గడియ తనంతట తనే పడుతుంది. తాళంచెవి చేతిలో ఉన్నవాళ్లు లోపలికి వెళ్తారు, లేనివాళ్లు మెట్ల మీద కూర్చుంటారు.

దీనికి తోడు అక్కడ గాలి మార్చడం అనే పని ఒకటుంది. చలికాలమైనా సరే, రోజుకి రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి కాసేపు ఉంచాలి. లేకపోతే గోడలకి తేమ పట్టి బూజు వస్తుంది. నా స్నేహితురాలు బెర్లిన్‌లోనే నాయ్‌కోల్న్ అనే పేటలో, పాతకాలపు బిల్డింగులో నాలుగో అంతస్తులో ఉంటుంది. ఆఫీసు పని మీద హాంబుర్గ్ వెళ్తూ, "ఏమే, పొద్దున లేవగానే కిటికీలు తియ్యి, వంటింటిది కూడా తియ్యి, అప్పుడే గాలి ఆడుతుంది" అని మరీ చెప్పి వెళ్లింది. గాలి బాగానే ఆడింది. చెత్త సంచి గుమ్మం బయట పెడదామని ఒక అడుగు వేశానో లేదో, వీధి వైపు నుంచి వచ్చిన గాలి పెరటి వైపుకి పోతూ పోతూ తలుపుని దభాల్న వేసేసింది. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో చెత్త సంచి, కాళ్లకి ఇంట్లో వేసుకునే చెప్పులు. పాస్‌పోర్టు, పర్సు, బీపీ మాత్రలు, తాళంచెవులు అన్నీ లోపల.

ఆ ఇంట్లో కాపురముండేవాళ్లకి ఇలా జరగడం వేరు, అతిథికి జరగడం వేరు. బెల్లు మీద మన పేరుండదు. ఆ ఇంట్లో ఉంటున్నట్టు రుజువుండదు. పక్కింటివాళ్లకి మనమెవరో తెలియదు. కానీ తాళం తీసేవాణ్ణి పిలిచింది మనమైతే బిల్లు మాత్రం మన పేరు మీదే పడుతుంది. అందుకే ఇక్కడ రాసిందంతా అతిథి వైపు నుంచే రాస్తున్నాను. నా ఉద్యోగమంతా ఇతరుల బిల్లులు తనిఖీ చేయడంలోనే గడిచింది కాబట్టి డబ్బు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

ముందు ఒకటే ప్రశ్న

లోపల పొయ్యి వెలుగుతోందా? చిన్నపిల్లలు గానీ, మంచం మీదున్న మనిషి గానీ ఉన్నారా? ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి. ఫైర్ సర్వీసు వచ్చి తలుపు తీస్తుంది, అది వాళ్ల పనే. ప్రమాదమేమీ లేకపోతే వాళ్లని పిలవకండి, కేవలం తాళం తీయడానికి వాళ్లు రారు. పోలీసుల నంబరు 110. అదీ ఇప్పుడే అక్కర్లేదు, తర్వాత అవసరం పడవచ్చు. ఇంకో సంగతి. సిమ్ లేని ఫోను నుంచి అత్యవసర కాల్ వెళ్లే సౌకర్యాన్ని జర్మనీలో 2009లో ఆపేశారు. వైఫై ఉంది కదా, సిమ్ ఎందుకులే అనుకునే అతిథులు ఇది గుర్తుపెట్టుకోవాలి. మెట్ల మీద వైఫై రాకపోతే ఆ ఫోను వట్టి గడియారమే.

పొయ్యి మీద ఏమీ లేదని గుర్తొచ్చాక ఇక తొందర లేదు. ఈ మాట నాకు నేను రెండుసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే టెన్షన్‌లో ఉన్నవాళ్ల దగ్గరే ఈ వ్యాపారంలో డబ్బు గుంజుతారు.

తలుపుతో కుస్తీ పట్టకండి. ఏటీఎం కార్డు సందులో దూర్చి గడియ వెనక్కి నెట్టడం వీడియోల్లో చూడటానికి బాగుంటుంది. జర్మన్ తలుపుల్లో చాలావాటికి అంచు చట్రం మీదికి మడత పడి సందుని కప్పేస్తుంది, కార్డు దూరదు, దూరినా విరుగుతుంది. భుజంతో తోస్తే చట్రం పగిలి, ఆ మరమ్మతు ఖర్చు తాళం ఖర్చుని మించిపోతుంది. అద్దె ఇంటి తలుపు అది, జవాబు చెప్పుకోవాల్సింది మీ స్నేహితురాలు.

రెండో తాళంచెవి ఎవరి దగ్గర?

ఫోన్ ఉంటే మొదటి కాల్ స్నేహితురాలికే. అడగాల్సింది "ఇప్పుడేం చెయ్యాలే?" అని కాదు, "రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని. ఇంటి ఓనరు దగ్గరో, బిల్డింగు చూసుకునే ఆఫీసు దగ్గరో ఉంటుందని మనం అనుకుంటాం. అక్కడ అద్దెకున్నవాళ్ల అనుమతి లేకుండా ఓనరు తాళంచెవి ఉంచుకోకూడదు. కాబట్టి సాధారణంగా ఉండదు. ఉంటే గింటే నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గరో, ఊళ్లోనే ఉన్న స్నేహితుల దగ్గరో ఉంటుంది.

ఊళ్లో ఎక్కడైనా రెండో తాళంచెవి ఉందని తేలితే ఇక మిగతాది చదవక్కర్లేదు. సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చినా ఆగండి. మెట్ల మీద కూర్చోవడం ఉచితం. మా దాని రెండో తాళంచెవి హాంబుర్గ్‌లో దాని హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, అది వచ్చేది మర్నాడు రాత్రికి. అంతసేపు ఆగలేను.

పక్కింటి బెల్లు కొట్టడానికి మొహమాటపడకండి. బెర్లిన్‌లో ఫ్లాట్లకి నంబర్లుండవు. కింద బెల్లుల మీదా, తలుపుల మీదా ఇంటిపేర్లే ఉంటాయి. ఒకరు ఇంట్లో లేనప్పుడు వాళ్ల పార్సిళ్లు ఇంకొకరు తీసుకుంటుంటారు కాబట్టి పేరు చెబితే గుర్తుపడతారు. నేను ఫోన్‌లో రాసుకుని చదివిన మాటలివి: "గూటెన్ టాగ్, ఇష్ బిన్ ట్సు బెజూఖ్ బై", అక్కడ స్నేహితురాలి ఇంటిపేరు, "డీ ట్యూర్ ఇస్ట్ ట్సూగెఫాలెన్." ఫలానా వాళ్లింటికి వచ్చాను, తలుపు మూసుకుపోయింది, అంతే. కింద అంతస్తులో ఉండే పెద్దావిడ నా చెప్పుల వైపు, చెత్త సంచి వైపు చూసి ఇంకేమీ అడగలేదు. కుర్చీ వేసింది, ఫోను ఛార్జర్ ఇచ్చింది. చెత్త సంచి తీసుకుని తనే ఏ రంగు డబ్బాలో వేయాలో ఆ డబ్బాలో వేసొచ్చింది.

మెట్ల దీపం కొద్దిసేపటికే ఆరిపోతుంది. గోడ మీద నారింజ రంగులో మెరిసే బొత్తాం నొక్కితే మళ్లీ వెలుగుతుంది. చీకట్లో తడుముకుంటూ పొరపాటున ఎవరి బెల్లో నొక్కకుండా చూసుకోండి.

తాళం తీసేవాణ్ణి పిలిచే ముందు

జర్మన్‌లో వీళ్లని ష్లూసెల్‌డీన్‌స్ట్ అంటారు. నిజాయితీగా పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే ఫోన్‌లో వెతికితే పైన కనిపించేవి ఎక్కువగా డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. బెర్లిన్ కోడ్ 030తో మొదలయ్యే నంబరు ఉన్నంత మాత్రాన దుకాణం బెర్లిన్‌లో ఉన్నట్టు కాదు. ఎక్కడో ఉన్న కాల్‌సెంటరుకి వెళ్తుంది, వాళ్లు ఎవరినో పంపిస్తారు. ఆ ఎవరో ఎంత దూరం నుంచి వస్తే అంత రాకపోకల ఖర్చు. పేరుకి ముందు ఇంగ్లిషు 'A' అక్షరం మూడు నాలుగుసార్లు పెట్టుకున్న సంస్థల గురించి అక్కడివాళ్లు నవ్వుకుంటారు. పాత టెలిఫోన్ డైరెక్టరీలో మొదటి పేజీ కోసం పుట్టిన అలవాటట అది.

చేయాల్సింది, దగ్గర్లో నిజంగా దుకాణం ఉన్న మనిషిని వెతకడం. మ్యాప్‌లో షాపు ముందు ఫొటో చూడండి, బోర్డు ఉందా, కిటికీలో తాళాలు వేలాడుతున్నాయా అని. లేదా పక్కింటివాళ్లని అడగండి, ఇదే అన్నిటికంటే మంచి దారి.

ఫోన్‌లో ముందు చెప్పాల్సినది తలుపు సంగతి. ఊరికే మూసుకుపోయిందా, లేక తాళం తిప్పి వేసి ఉందా? మొదటిది ట్సూగెఫాలెన్, రెండోది ఆబ్‌గెష్లోసెన్. ఈ రెండింటి మధ్య ధరలో చాలా తేడా ఉంటుంది. గడియ మాత్రమే పడ్డ తలుపుని పనితనం ఉన్నవాడు ఏమీ పగలగొట్టకుండా, నిమిషాల్లో తీస్తాడు. తాళం తిప్పి ఉంటే కష్టం, ఒక్కోసారి తాళం కడ్డీని డ్రిల్ చేసి కొత్తది వేయాల్సి రావచ్చు.

తర్వాత అడగాల్సింది మొత్తం ధర. "ఇరవై యూరోల నుంచి మొదలు" అన్న జవాబుకి విలువ లేదు. రాకపోకలు, పని, ఆదివారం లేదా రాత్రి అదనం, 19 శాతం పన్ను, అన్నీ కలిపి చివరికి నేనెంత ఇవ్వాలి? జర్మన్‌లో "వాస్ కోస్టెట్ ఎస్ ఇన్స్‌గెజామ్ట్?" అంటే సరిపోతుంది. చెప్పిన అంకెని మెసేజ్‌గా పంపమనండి. చెప్పనంటే, "మా మనిషి వచ్చి చూసి చెబుతాడు" అంటే, థాంక్స్ చెప్పి పెట్టేయండి. ఈ ఒక్క పట్టుదలతోనే సగం మోసగాళ్లు వడకట్టుకుపోతారు.

ఎంత అయితే న్యాయం? అక్కడి వినియోగదారుల సలహా కేంద్రాలు 2017లో చేసిన సర్వేలో, ఊరికే మూసుకున్న తలుపుకి పని రోజుల్లో పగటిపూట సగటున 75 యూరోల దగ్గర, రాత్రిళ్లు, ఆదివారాలు 110 దగ్గర తేలింది. ఇప్పుడు దానికంటే పెంచి లెక్కేసుకోండి, కానీ మూడొందలు, ఐదొందలు అడిగితే అది ధర కాదు.

అడ్రసు చెప్పేటప్పుడు ఐదంకెల పోస్టల్ కోడ్ తప్పకుండా చెప్పండి. బెర్లిన్‌లో ఒకే పేరుతో వేర్వేరు పేటల్లో వీధులున్నాయి. పాత వీధుల్లో ఇంటి నంబర్లు ఒకవైపు వరసగా చివరి దాకా పోయి, రెండోవైపు నుంచి వెనక్కి తిరిగొస్తాయి. అంటే 3వ నంబరు ఎదురుగా 140 ఉండొచ్చు. ముందు బిల్డింగా, పెరటి వెనక బిల్డింగా, ఎన్నో అంతస్తు, బెల్లు మీద ఏ పేరు, ఇవన్నీ చెప్పాలి. వచ్చినవాడు పెరట్లో తిరిగే సమయం కూడా మీ లెక్కలోనే వేసే ప్రమాదముంది.

మనిషి వచ్చాక

నేను మొదట మాట్లాడినవాళ్లు ఫోన్‌లో 90 యూరోలు అన్నారు, మెసేజ్ కూడా పంపారు. వచ్చిన మనిషి తలుపుని ఒక్కసారి తట్టి చూసి, సంచిలోంచి డ్రిల్లింగ్ మిషన్ బయటికి తీశాడు. తాళం మార్చాల్సిందే, 380 అవుతుంది అన్నాడు. స్పీకర్లో ఉన్న స్నేహితురాలు జర్మన్‌లో గట్టిగా ఏదో అంది. నేను "నైన్, నిష్ట్ బోరెన్" అన్నాను, డ్రిల్ చేయొద్దని. ఊరికే మూసుకున్న తలుపుకి డ్రిల్లు అక్కర్లేదన్న సంగతి అప్పటికి పెద్దావిడ చెప్పి ఉంది. అతను పని చేయకుండానే రాకపోకల కింద 60 ఇమ్మన్నాడు. నేను మెసేజ్ చూపించాను. ఒప్పుకున్న ధరలో రాకపోకలు కలిసే ఉన్నాయి, ఒప్పుకున్న పని నువ్వు చేయనంటున్నావు, దేనికి ఇవ్వాలి? ఇదంతా నేను ఇంగ్లిషులో, ఆవిడ జర్మన్‌లో, స్నేహితురాలు రెండింటిలో. కాసేపు గొణిగి సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

అలా వెళ్లకుండా దారికి అడ్డంగా నిలబడినా, బెదిరించినా, ఏటీఎం దాకా తోడొస్తానన్నా 110కి ఫోన్ చేయండి. అందుకు భయపడక్కర్లేదు. జర్మనీ ఫెడరల్ న్యాయస్థానం 2020లో ఇలాంటి కేసులోనే, ఇంటి బయట ఉండిపోయినవాళ్లు చట్టం దృష్టిలో నిస్సహాయ స్థితిలో ఉన్నట్టేనని, దాన్ని వాడుకుని విపరీతంగా గుంజడం శిక్షించదగ్గ నేరం కాగలదని చెప్పింది. మామూలు ధరకి రెట్టింపు దాటితే కోర్టులు అనుమానంగా చూస్తాయి.

రెండో మనిషి పెద్దావిడకి తెలిసినవాడు, రెండు వీధుల అవతల దుకాణం. 95 యూరోలు అన్నాడు. ముందు నా గుర్తింపు కార్డు అడిగాడు, అడగాలి కూడా. అడగకుండా ఎవరి తలుపైనా తీసేవాణ్ణి నేనైతే నమ్మను. నా పాస్‌పోర్టు లోపలుంది, ఉన్నా అందులో ఆ ఇంటిపేరు లేదు. ఇక్కడ అతిథికి పనికొచ్చేది వీడియో కాల్. స్నేహితురాలు తన కార్డు, అద్దె ఒప్పందం మొదటి పేజీ ఫోన్‌లో చూపించింది, పెద్దావిడ సాక్ష్యం చెప్పింది. వంకీ తిరిగిన ఉక్కు కడ్డీ ఒకటి తలుపు సందులోకి పోనిచ్చి రెండుసార్లు కదిపాడు. తలుపు తెరుచుకుంది, చట్రం మీద గీత కూడా పడలేదు.

డబ్బు ఇచ్చే ముందు బిల్లు చదవండి. సంస్థ పేరు, అడ్రసు, ఏ పనికెంత, పన్నెంత, ఇవన్నీ విడివిడిగా ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. చదవలేని కాగితాన్ని ఫోటో తీసి స్నేహితురాలికి పంపండి, ఆమె చదివేదాకా మనిషి నిలబడితే నిలబడతాడు. ఒప్పుకున్న దానికంటే ఎక్కువ రాస్తే, ఒప్పుకున్నంత ఇచ్చి మిగతాదానికి పోస్టులో బిల్లు పంపమనండి. ఒకసారి చేతిలోంచి పోయిన డబ్బుని వెనక్కి రప్పించుకోవడం పరదేశంలో ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఎక్కువ కట్టాల్సి వచ్చినా కాగితం, మెసేజ్ దాచుకోండి. స్నేహితురాలు వాటిని వినియోగదారుల కేంద్రానికి తీసుకెళ్లొచ్చు.

మందులు లోపల ఉండిపోయి డోసు దాటిపోతుంటే 116117కి ఫోన్ చేయొచ్చు. ప్రాణం మీదికి రాని అవసరాలకి డాక్టరు సలహా ఇచ్చే నంబరు అది. నాకు అంతదాకా రాలేదు.

తాళంచెవి పోతే మాత్రం

ఇంటి బయట ఉండిపోవడం కంటే తాళంచెవి పారేసుకోవడం ఖరీదైన వ్యవహారం. చాలా బిల్డింగుల్లో వీధి తలుపు, ఫ్లాటు, నేలమాళిగ అన్నిటికీ ఒకే తాళంచెవి పనిచేసేలా ఉంటుంది. అది పోతే బిల్డింగు మొత్తం తాళాలు మార్చాలని ఓనరు అనొచ్చు. ఆ లెక్క వేల యూరోలకి పోతుంది. అయితే 2014లో అదే ఫెడరల్ న్యాయస్థానం ఒక మాట తేల్చింది: తాళాలు నిజంగా మారిస్తేనే ఆ ఖర్చు అద్దెకున్నవాళ్ల నుంచి రాబట్టాలి, మారుస్తామని అంచనా వేసి అడిగితే చాలదు. స్నేహితురాలికి వెంటనే చెప్పండి, దాచకండి. ఆమె బాధ్యత బీమా (మన వల్ల ఇతరులకి జరిగే నష్టాన్ని భరించే బీమా) పాలసీలో తాళంచెవుల ప్రస్తావన ఉందో లేదో, అతిథి పారేసినదానికి అది వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. వీధిలో దొరికిన వస్తువులు టెంపెల్‌హోఫ్‌లోని నగర కేంద్ర ఆఫీసుకి చేరతాయి. బస్సులో, యూ-బాన్ అనే మెట్రో రైల్లో పోతే రవాణా సంస్థకి వేరే ఆఫీసుంది. తాళంచెవుల గుత్తికి అడ్రసు చీటీ మాత్రం ఎప్పుడూ కట్టకండి.

దిగిన సాయంత్రమే

కాఫీ తాగుతూ ఈ సంగతులు మాట్లాడేసుకోండి. రెండో తాళంచెవి ఒకటి ఆ వారం పక్కింట్లో ఇమ్మనండి. స్నేహితురాలి ఇంటిపేరు, పోస్టల్ కోడ్, పక్కింటివాళ్ల పేరు, దగ్గరి తాళాల దుకాణం నంబరు ఫోన్‌లోనే కాక ఒక కాగితం మీద కూడా రాసుకుని జేబులో పెట్టుకోండి. పాస్‌పోర్టు ఫొటో ఆమె ఫోన్‌లో ఉంచండి. తాళంచెవి మెడలో తాడుకి వేసుకుంటే జనం నవ్వుతారు, నవ్వనివ్వండి. కిటికీలు తెరిచినప్పుడు తలుపు దగ్గర బరువైనది ఏదైనా అడ్డం పెట్టండి. మేమిప్పుడు ఇస్త్రీపెట్టె పెడుతున్నాం.

ఇంకొకటి చాలామందికి తెలియదు. రాత్రి పడుకునేటప్పుడు లోపలినుంచి తాళం తిప్పి, తాళంచెవిని అక్కడే రంధ్రంలో వదిలేయకండి. చాలా తాళాలకి అలా ఉంటే బయటినుంచి ఇంకో తాళంచెవి దూరినా పనిచేయదు. మీరు చెవుల్లో దూది పెట్టుకుని నిద్రపోతుంటే, ఆలస్యంగా వచ్చిన ఇంటావిడ తన ఇంటి ముందే నిలబడుతుంది.

పాత బెర్లిన్ బిల్డింగుల వీధి తలుపులకి ఒక విచిత్రమైన తాళంచెవి ఉండేది, కొన్నిచోట్ల ఇప్పటికీ కనిపిస్తుందంటారు. రెండు వైపులా పళ్లుండే ఆ తాళంచెవిని తలుపు గుండా అవతలికి తోసి, లోపలినుంచి తాళం వేస్తే గానీ బయటికి రాదు. యోహానెస్ ష్వైగర్ అనే తాళాల పనివాడు కనిపెట్టాడు, 1912 నుంచి తయారవుతూ వచ్చింది. వీధి తలుపు వేయడం మరిచిపోయేవాళ్లకి విరుగుడట. అలాంటిది చేతికిస్తే వాడే పద్ధతి ఇంటావిడ ముందే రెండుమూడుసార్లు చేసి చూపించమనండి.

తిరిగి వచ్చే రోజు స్నేహితురాలు ఇంట్లో లేకపోతే, తాళంచెవిని కింద ఆమె పోస్టు డబ్బాలో వేసి వెళ్లమంటుంది. వేయడానికి ముందు వీధి తలుపు దాకా వెళ్లి, అక్కడ నిలబడి సంచి తెరిచి పాస్‌పోర్టు, టికెట్టు, ఫోను, మందులు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూడండి. డబ్బా ఆమె పేరున్నదేనా అని అక్షరం అక్షరం చదివి అప్పుడు వేయండి. పోస్టు డబ్బాలు వీధి తలుపుకి లోపలివైపు ఉంటే, వేశాక ఆ తలుపు కూడా మీ వెనక మూసుకుంటుంది.